రెండో బ్యాటరీ

డిసెంబరు 4, 1997

నిన్న రైలు గేటు మీద లారీ ఆగిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. బండికీ ఏమీ కాలేదు.

ఇంతకు మించి రాయడానికేం లేదు.

డిసెంబరు 5

ఉంది. నా భార్య జమాల్ బీకి తెలుగు చదవడం రాదు కాబట్టి ఇందులో ఏం రాసినా నాకూ అల్లాకూ మాత్రమే తెలుస్తుంది.

మొన్న ఇద్దరం గుడివాడలో మా అమ్మాయి ఇల్మాను చూసి తిరిగొస్తున్నాం. ఖాళీ బండి. క్లీనరు ఏసోబు వాళ్ళింట్లో పెళ్ళి ఉందని రాలేదు. నేను ఏటా తోలే వెంకటప్పయ్య గారి చెరుకు కోతకు ఎప్పుడొస్తుందో కనుక్కుందామని డొంకదారి పట్టాను. ఆ దారిలో కాపలా లేని గేటు ఉంది. పట్టాల మీద గతుకులో గేరు మార్చబోయాను, తప్పింది. ఇంజను ఆగింది. సెల్ఫ్ స్టార్టరు నొక్కితే టిక్కుమంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ టిక్కు. గుడివాడలో అల్లుడి స్నేహితులు బండిలో కూర్చుని పొద్దుటి నుంచీ టేపు మోగించారు. ఉన్నది ఒకే బ్యాటరీ, అదీ ముసలిది.

జమాల్ బీ దిగింది. రైలు కూత వినబడింది. చెరుకు కొడుతున్న కూలీలు కత్తులు పారేసి పరుగెత్తుకొచ్చి వెనక నుంచి తోశారు. బండి గతుకు దిగి అవతల పడింది. తర్వాత రైలు పోయింది. ఆ గాలికి వెనక టార్పాలిన్ పట్టా లేచి క్యాబిన్ మీద పడింది.

తోస్తున్నంతసేపూ నేను స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా.

డిసెంబరు 8

ఉయ్యూరు ఫ్యాక్టరీ యార్డులో చెరుకు లోడుతో వరసలో ఉన్నాం. నేను ఇంజను ఆపలేదు. ముందు బండి కదిలేదాకా అలా గురగురమంటూనే ఉంది. పక్క లారీ డ్రైవరు వచ్చి, డీజిలు మీ మామగారు పోయిస్తున్నారా అని ఎకసెక్కమాడాడు. ఇంజను వేడి మీదుంటే మంచిదని చెప్పాను. వాడు నవ్వాడు. నవ్వనీ, వాడి కింద పట్టాలు లేవు.

ఇది భయం కాదు. ముప్ఫై ఏళ్ళుగా లారీ తోలుతున్నవాడికి భయమేంటి. ఇది జాగ్రత్త.

డిసెంబరు 11

ఆటోనగర్ వెళ్ళాను. ఆటో ఎలక్ట్రీషియన్ నిసార్ భాయ్ చేత రెండో బ్యాటరీ పెట్టించాను. పాతదాన్నీ తీయించేశాను. రెండూ కొత్తవే.

నిసార్ అహ్మద్ పనిలో దిగాడంటే పక్కన పిడుగు పడినా తలెత్తడు. ఛాసిస్‌కి ఇనప పెట్టె వెల్డింగు చేయించి రెండూ పక్కపక్కన కూర్చోబెట్టాడు. అదరకుండా చుట్టూ సైకిలు ట్యూబు ముక్కలు దోపాడు. బొటనవేలంత లావు కేబుళ్ళు లాక్కొచ్చి నా సీటు పక్కన మీట పెట్టాడు. మీట పైకుంటే మొదటి బ్యాటరీ, కిందకుంటే రెండోది. ఏది పెడితే దానితోనే బండి స్టార్టవుతుంది, నడుస్తున్నంతసేపూ అదే నిండుతుంది.

అంతా అయ్యాక చేతులు తుడుచుకుంటూ గట్టిగా చెప్పాడు. రోజూ వాడేది మొదటిది. రెండోది ఆపదకి. వారానికోసారి మీట దించి దూరం తిరిగి రా, నిండుతుంది. మిగతా రోజుల్లో దాని జోలికి పోవద్దు.

చూసుకోవడానికి హైడ్రోమీటరు కూడా ఇచ్చాడు. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి. బ్యాటరీ మూత తీసి యాసిడ్ పీలిస్తే లోపల చిన్న బెండు తేలుతుంది. ఆకుపచ్చ గీత కనిపిస్తే నిండుగా ఉన్నట్టు, తెలుపైతే సగం, ఎరుపైతే అయిపోయినట్టు. ఈ వయసులో నాకు ఇంతకన్నా మంచి వస్తువు ఎవరూ ఇవ్వలేదు.

దర్గా నుంచి తెచ్చిన ఆకుపచ్చ దారం మొదటి బ్యాటరీకి కట్టాను. నిసార్ భాయ్ చూసి, రెండోదానికీ కట్టు, అలుగుద్ది అన్నాడు. కట్టాను.

డిసెంబరు 12

రెండూ ఆకుపచ్చ. ప్రాణం కుదుటపడింది. మొదటిదాని మీద సెల్ఫ్ నొక్కి చూశాను, ఒక్క దెబ్బకి అందుకుంది. ఆపేసి మీట దించి రెండోదాని మీద నొక్కాను. అదీ అందుకుంది.

డిసెంబరు 13

రెండూ ఆకుపచ్చ. రెండూ అందుకున్నాయి.

డిసెంబరు 14

అందుకున్నాయి.

డిసెంబరు 17

వెంకటప్పయ్య గారి పొలానికి డొంకదారిన పోలేదు. ఆ దారి బురదగా ఉంది. చుట్టూ తిరిగి కాపలా ఉన్న గేటు మీదుగా వెళ్ళాను. గేటు తెరిచే ఉంది. అయినా ఆపాను. ఒక రైలు వచ్చి పోయాక దాటితే నిశ్చింతగా ఉంటుంది కదా. వెనక బళ్ళు హారన్లు మోగించాయి. గేటు తెరిచే ఉంది గదన్నా, ఎల్దాం అన్నాడు ఏసోబు. రేడియేటరు కాగింది అన్నాను. ఏసోబు దిగి బానెట్ మీద చెయ్యి వేసి చూసి ఎక్కి కూర్చున్నాడు.

పట్టాల మీదికి చక్రం ఎక్కగానే క్లచ్ మీదున్న ఎడమకాలు దడదడలాడింది. చలికాలం.

డిసెంబరు 20

రెండోది తెలుపులోకి వచ్చింది.

కొత్త బ్యాటరీ. వాడనిది. ఎందుకు తగ్గుతుంది? ఎవరో కరెంటు తీస్తున్నారు. ఏసోబు మధ్యాహ్నాలు టేపు పెట్టుకుంటున్నాడని నా అనుమానం. అడిగితే, నీ టేపు పాడై పది రోజులైంది గదన్నా అన్నాడు. నిజమే. అయినా టేపు వైరు పీకేశాను. క్యాబిన్‌లో బల్బు కూడా తీసేశాను. గుడ్డిదీపమైనా అది తినేది బ్యాటరీనే.

డిసెంబరు 21

ఇద్దరం భోజనానికి కూర్చున్నప్పుడు జమాల్ బీ చెప్పింది, పక్కింటి పద్మావతమ్మ గారు అడిగారట, మీ ఆయన లారీ రోజుకి ఎన్నిసార్లు బయలుదేరుతుంది, ఎన్నిసార్లు తిరిగొస్తుంది అని. ఇంటి ముందు నుంచి కదలకుండానే ఆ మోత ఏంటని.

పెద్దావిడకి చెవులు సరిగా వినబడవు. పొద్దున ఒకసారి చూస్తాను, అంతే.

డిసెంబరు 23

మొదటిదీ తెలుపే.

బ్యాటరీలే నాసిరకం అయ్యుంటాయి. లేదా నిసార్ భాయ్ కేబులు సరిగా బిగించి ఉండడు. పానా తీసుకుని అన్నీ నేనే మళ్ళీ బిగించాను. బిగించాక సరిగ్గా ఉందో లేదో నొక్కి చూడాలి కదా. చూశాను. ఇంకోసారి బిగించాను.

డిసెంబరు 26

ఏసోబు మానేశాడు. కోపంగా కూడా పోలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "బండి తోలేదానికంటే స్టార్ట్ చేసేదే ఎక్కువైంది అన్నా. నా వల్ల కాదు" అన్నాడు.

పోతే పోనీ. ఊరికి ఒక్కడేనా క్లీనరు?

ఎవరూ దొరకలేదు. ఏసోబు అందరికీ చెప్పినట్టున్నాడు.

డిసెంబరు 29

వెంకటప్పయ్య గారి చెరుకు కొట్టి పడి ఉంది, రమ్మని పక్కింటికి ఫోను చేశారు. టైరు పంక్చరు, రేపు వస్తానండీ అని చెప్పాను.

డిసెంబరు 30

ఇంకో టైరు.

జనవరి 1, 1998

రంజాన్ రోజాలు మొదలయ్యాయి. తెల్లవారకముందే సహర్‌కి లేచి తిన్నాం. తినగానే బయటికి వెళ్ళి రెండూ చూశాను. రెండూ తెలుపు.

జమాల్ బీ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆ రోజు తర్వాత ఆమె గేటు మాట ఒక్కసారీ ఎత్తలేదు. ఆడవాళ్ళు త్వరగా మర్చిపోతారు, అదృష్టవంతులు.

జనవరి 2

నిసార్ భాయ్ దగ్గరికి వెళ్ళి దులిపేశాను. నమ్మి వస్తే చచ్చు బ్యాటరీలు అంటగట్టావా అన్నాను. అతనికి కోపం రాలేదు. లోడ్ టెస్టరు తెచ్చి రెండింటికీ ఆనించి చూశాడు. లోపం ఏమీ లేదన్నాడు. కడుపు నిండక నీరసంగా ఉన్నాయి అన్నాడు. తర్వాత నా మొహంలోకి చూసి అడిగాడు.

"కరీం భాయ్, రోజుకి ఎన్నిసార్లు సెల్ఫ్ నొక్కుతన్నావ్?"

పొద్దున ఒకసారి అన్నాను.

"నొక్కినప్పుడల్లా కుండలోంచి బిందెడు తోడుతన్నావ్. ఇంజను కాసేపు నడిస్తేగాని ఆ నీళ్ళు మళ్ళా నిండవు. నువ్వు స్టార్ట్ చేసి ఎంటనే ఆపేస్తన్నావ్. మళ్ళా తోడుతన్నావ్. ఇంక కుండలో ఏముంటది?"

నేను ఒకసారే అన్నాను కదా అన్నాను. అతను టెస్టరు దాని పెట్టెలో పెట్టేశాడు.

రోజాలో ఉండి అబద్ధం ఆడాను. తౌబా, అల్లా మన్నించాలి.

జనవరి 3

నొక్కలేదు.

జనవరి 4

నొక్కలేదు. హారన్ పని చేస్తోందో లేదో చూశాను. హెడ్‌లైట్లు చూశాను.

హారన్ కొంచెం నీరసంగా మోగింది. అలా మోగాక నొక్కకుండా ఎలా ఉంటాం?

జనవరి 5

భయమేస్తోంది.

రాసేశాను. రాస్తే ఏమవుతుంది? ఏమీ అవలేదు. నాకు భయమేస్తోంది. కళ్ళు మూస్తే ఆ టిక్కు వినబడుతోంది. నమాజులో రుకూకి వంగినప్పుడు వినబడింది. వీధిలో పిల్లాడు పెన్ను టిక్కుమనిపిస్తే ఒళ్ళు జలదరించింది. నేను చావుకి భయపడుతున్నానా అంటే అదీ కాదు. మళ్ళీ ఆ క్షణం వస్తుంది. నేను నొక్కుతాను. అది అందుకోదు. ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలియదు. ఆ తర్వాత అనేది నా బుర్రలో లేదు. అక్కడ గోడ ఉంది.

అందుకే చూస్తున్నాను. అందుకుంటే ఆ పూటకి గోడ దాకా పోనక్కర్లేదు.

జనవరి 6

రెండూ ఎరుపు. మా భవానీపురంలోనే ఒక షాపులో పెట్టి ఛార్జింగ్ చేయించాను. సాయంత్రానికి ఆకుపచ్చ. ఇంటికి తెచ్చి బిగించాను.

బిగించాక చూశాను. చూశాను. చూశాను.

జనవరి 7

వెంకటప్పయ్య గారు స్వయంగా ఇంటికి వచ్చారు. రోజాలో ఉన్నామని మంచినీళ్ళు కూడా వద్దన్నారు, గడప దగ్గరే నిలబడ్డారు. ఆయన చెరుకు నేను పదేళ్ళుగా తోలుతున్నాను. ఏనాడూ గొంతు పెంచిన మనిషి కాదు, ఇవాళా పెంచలేదు. చెరుకు ఎండలో పడి గడకర్రల్లా అయిపోతోందని, బరువు సగానికి వచ్చేట్టుందని చెప్పారు. రేపు మధ్యాహ్నానికి నా బండి రాకపోతే ఈసారికే కాదు, ఎప్పటికీ ఇంకొకరిని చూసుకుంటానన్నారు. "నీకు ఒంట్లో బాగోకపోతే చెప్పు కరిముల్లా. టైర్లని చెప్పబాక" అన్నారు.

లోపలి నుంచి జమాల్ బీ, రేపు వస్తారండీ అని చెప్పేసింది.

ఆయన వెళ్ళాక విరుచుకుపడ్డాను. క్లీనరు లేకుండా ఎలా వెళ్తాను, కాపలా లేని గేటు దగ్గర ఎవరో ఒకరు దిగి అటూ ఇటూ చూసి రైట్ చెప్పకపోతే ఎలా దాటుతాను, చుట్టూ తిరిగి వెళ్తే మధ్యాహ్నానికి చేరతానా అని.

"నేనొచ్చి చూస్తా" అంది.

నువ్వా?

"రైలు కనపడితే చెప్పటానికి మీసాలుండాలా?"

వద్దన్నాను. అసలు నా భయమే ఆమె గురించి. ఆ గేటు మీదికి ఆమెను మళ్ళీ తీసుకెళ్తానా? ఆమె వినలేదు.

జనవరి 8

పొద్దున బయలుదేరేటప్పుడు మొదటిది తెలుపు, రెండోది తెలుపు. దారి పొడుగునా జమాల్ బీ దువా చదువుకుంటూ కూర్చుంది. కరకట్ట మీద ఎదురు బళ్ళు వస్తున్నా నా కళ్ళు సీటు పక్క మీట మీదే ఉన్నాయి.

డొంకదారిలోకి తిప్పాక గేటు కనబడింది. చాలా ముందే ఆపాను. ఒక రైలు పోయాక దాటుదాం అన్నాను. ఆమె సరే అంది. ఇంజను ఆపి నొక్కి చూశాను. అందుకుంది. ఆపాను. మీట దించి నొక్కాను. అందుకుంది. ఆమె చూస్తోందని తెలుసు. చెయ్యి ఆగలేదు. పైకి, కిందకి, పైకి, కిందకి. గుడివాడ ప్యాసింజరు వచ్చి పోయింది. ఎదురు రైలు ఎప్పుడొస్తుందో ఆ పొలాల్లో చెప్పేవాళ్ళెవరూ లేరు. చివరిసారి మొదటిదాని మీద గింజుకుని గింజుకుని అందుకుంది. ఇంక ఆపలేదు.

జమాల్ బీ దిగి పట్టాల దాకా నడిచి అటు చూసింది, ఇటు చూసింది. చెయ్యి ఊపుతుందని చూస్తున్నాను. ఊపలేదు. వెనక్కి నడిచి వచ్చి నా వైపు తలుపు కింద నిలబడింది.

"ఒక మాట అడుగుతా. మధ్యలో ఆగితే మీరు దిగుతారా?"

ఎందుకాగుతుంది, రెండు బ్యాటరీలున్నాయి అన్నాను.

"బ్యాటరీల సంగతి కాదు నేనడిగేది. ఆ రోజు కూత వినపడ్డాక నేను ఇట్లాగే ఈ తలుపు కింద నిలబడి మీ కాలు పట్టుకుని లాగా. దిగండి దిగండి అని గొంతు పోయేట్టు అరిచా. మీరు నన్ను కాలితో నెట్టేసి మళ్ళా సెల్ఫ్ నొక్కారు. గుర్తుందా?"

గుర్తులేదు. అల్లా సాక్షిగా గుర్తులేదు. నాకు గుర్తున్నది స్టీరింగు.

"పడి లేచి మళ్ళా వచ్చి పట్టుకున్నా. కూలోళ్ళు రాకపోతే మిమ్మల్ని వదిలి నేను పట్టాలు దిగేదాన్ని కాదు. బండి ఆగుద్దని కాదండీ నా భయం. ఆగితే మీరు దిగరని. మీరు దిగకపోతే నా కాళ్ళూ కదలవని."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఉప్పు తెమ్మని చెప్పినట్టు చెప్పింది. తర్వాత నా జవాబు కోసం చూడకుండా వెళ్ళి పట్టాలు దాటి అవతలి ఒడ్డున నిలబడి, మళ్ళీ అటూ ఇటూ చూసి చెయ్యి ఊపింది.

కదిలాను. ముందు చక్రాలు ఎక్కాయి. ఎడమకాలు మొదలుపెట్టింది. మోకాలి మీద చెయ్యి వేసి అదిమాను. ఆగలేదు. కాలు క్లచ్ మీంచి జారింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

నొక్కాను. టిక్కు.

మీట దించాను. నొక్కాను. టిక్కు.

పైకి. టిక్కు. కిందకి. ఈసారి ఆ చప్పుడు కూడా లేదు.

ఆ గోడ వచ్చింది. చెమట కళ్ళలోకి దిగుతోంది. వేలు సెల్ఫ్ మీదే ఉంది, తీయాలంటే రావడం లేదు. ఇంకొక్కసారి నొక్కితే అందుకుంటుంది, ఇంకొక్కసారి. కూత వినబడిందో, చెవుల్లోనే మోగిందో తెలియదు.

ముందు అద్దంలోంచి జమాల్ బీ కనబడింది. అవతల, క్షేమంగా, పట్టాలకి దూరంగా ఉంది. అరవలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కంకర మీద తడబడుతూ పట్టాల మీదికి వస్తోంది. నా దగ్గరికి. ఆమె అటూ చూడలేదు, ఇటూ చూడలేదు.

వేలు ఎప్పుడు తీశానో తెలియదు. తలుపు తీసి దూకాను. మోకాలు కంకరకి కొట్టుకుంది. లేచి పట్టాల మధ్యలోనే ఆమె భుజం పట్టుకుని ఈడ్చుకుంటూ గట్టు కిందికి పరుగెత్తాను. లారీ వెనక పట్టాల మీద నోరు తెరుచుకుని ఉండిపోయింది.

ఈసారీ కూలీలే వచ్చారు. మేస్త్రీ ఇద్దరికి ఎర్ర తువ్వాళ్ళిచ్చి పట్టాల వెంట చెరోవైపు పరుగెత్తించాడు. మిగతావాళ్ళు తోశారు. స్టీరింగు వాళ్ళలో ఒకతను పట్టుకున్నాడు. బండి గతుకు దిగి అవతలి పక్క ఆగింది. రైలు చాలాసేపటికి వచ్చింది, ఖాళీ పట్టాల మీద తన దారిన తను పోయింది.

వెంకటప్పయ్య గారి ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి కలిపితే బండి అందుకుంది. చెరుకు ఎత్తుతున్నారు. ఇంజను నడుస్తోందో ఆగిందో నేను వెళ్ళి చూడలేదు. ఇద్దరం తోట గట్టు మీద కూర్చున్నాం. రోజా కాబట్టి నీళ్ళు తాగడానికి లేదు. నా మోకాలి మీద రక్తం తుడవడానికి ఆమె కొంగు తీసింది. ఆమె చేతులు వణికిపోతుంటే కొంగు నిలవడం లేదు. రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను. అయినా ఆగలేదు.

ఎప్పటి నుంచి ఇలా, జమాల్ అని అడిగాను.

"ఆ రోజు నుంచి" అంది.